మూత తీయని డబ్బాలు

సమ్మయ్య పేరున్న గులాబీరంగు కార్డును భూదేవి ఎప్పుడూ సంచిలో పెట్టదు. లైనులో నిలబడ్డంతసేపూ చేతిలోనే, పేరు పైకి కనిపించేటట్టు పట్టుకుంటుంది. ఆ గురువారం పొద్దున కూడా అట్లాగే పట్టుకుని తార్నాక చౌరస్తా అవతలి సహకార దుకాణం ముందు నిలబడింది. డిసెంబరు చలి. ముందున్న ఆడవాళ్లలో సగంమంది చంకల్లో దుప్పటి ముక్కలు చుట్టిన పిల్లలున్నారు.

అది అరవై ఎనిమిదో సంవత్సరం. చంటిపిల్లల పాలపిండి బజారులో కనిపించకుండా పోయి ఆరేడు నెలలయింది. మందుల దుకాణాల్లో అడిగితే ముందు గుమ్మంలో లేదంటారు, వెనక గుమ్మంలో రెండింతల ధర చెబుతారు. సహకార దుకాణంలో మాత్రం ఏడాది నిండని పిల్లలున్న ఇంటికి కార్డు మీద పది రోజులకొక డబ్బా ఇస్తారు. అదీ సరుకు ఉన్నంతవరకే.

గుమాస్తా వీరస్వామి కార్డు అందుకుని, తేదీ వేసి, పెన్సిలును మళ్లీ చెవి మీద పెట్టుకుంటూ అడిగాడు.

"పిల్లగాడెట్లున్నడమ్మా?"

ఈ మాట కోసమే భూదేవి పది రోజులు ఎదురుచూస్తుంది. జవాబు కూడా ముందే తయారు చేసుకుంటుంది.

"మంచిగున్నడు సారూ. పండ్లొస్తున్నయి. చేతికేది దొరికితే అది నోట్లె పెట్టుకుంటున్నడు."

"జెర జాగ్రత్త. మావోడు గట్లనే బటన్ మింగిండు." వీరస్వామి నవ్వి, వెనక అలమరలో నుంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత అలమర తలుపు వేసి గొళ్లెం పెట్టాడు. "ఖతం. ఇంక లేవు. మళ్ల సోమవారం."

లైనులో గొణుగుడు లేచింది. భూదేవి డబ్బాను కొంగులోకి తీసుకుని వెనక్కి తిరిగింది. ఆమె వెనకే రాహేలు నిలబడి ఉంది.

లేడీస్ హాస్టల్ మెస్సులో బియ్యం ఏరే పనిలో ఇద్దరూ ఒకే గోనెపట్టా మీద కూర్చుంటారు. రాహేలు యాభై దాటిన మనిషి. రోజూ లాలాగూడ నుంచి నడిచి వస్తుంది. రాహేలు చేతిలోని గుడ్డసంచి మడత కూడా విప్పలేదు.

"సారూ, లాలాగూడ నుంచి నడిచొచ్చిన. నా బిడ్డ జరం తోటి మంచంల ఉన్నది. పాలెండిపోయినయి. మూడు నెలల పసిగుడ్డు. గంజినీళ్లు తాపుతున్న."

"నేనేం జెయ్యాలె అవ్వా? నా ఇంట్ల దాచిపెట్టుకున్ననా?" వీరస్వామి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. అందరికీ వినపడేటట్టు పైకి చూసి అన్నాడు. "ఇనుండ్రి! సోమవారం కొత్త కార్డులిస్తరు. దొంగకార్డులు మస్తయినయంట. తల్లి పిల్లను తీస్కొని రావాలె. చూపిచ్చినోళ్లకే కార్డు."

రాహేలు భూదేవి కొంగులోని డబ్బా వంక చూసి, వెంటనే చూపు తిప్పుకుంది. "పో బిడ్డా, నీ కొడుకు ఆకలి మీదుంటడు" అంది.

భూదేవి గబగబా నడిచింది. మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

*

ఇంట్లో మంచం కింద ఇనుప ట్రంకు పెట్టె ఉంది. భూదేవి దాన్ని బయటికి లాగి, పాతచీర మడత తీసి, కొత్త డబ్బాను మిగతావాటి పక్కన సర్దింది. పన్నెండు. వాటి మూతల మీద చెమ్మ చేరకుండా రెండు రోజులకొకసారి పొడిగుడ్డతో తుడుస్తుంది. తుప్పు చుక్క కనిపిస్తే గోరుతో గీకుతుంది.

శ్రావణంలో బావగారు వెంకటనర్సయ్య, తోటికోడలు లింగమ్మ వచ్చి ఆమె ఆరు నెలల కొడుకు సమ్మయ్యను పెంపకానికి తీసుకుపోయారు. వాళ్లకు పిల్లల్లేరు. తీసుకుపోండి అని భూదేవే అంది. బస్సు కదిలేదాకా ఆ మాట మీదే నిలబడింది. ఆ మర్నాడు పాల డబ్బా తేవాల్సిన రోజు. కాళ్లు అలవాటుగా దుకాణానికి నడిచాయి. వీరస్వామి పిల్లవాడు ఎట్లున్నాడని అడిగాడు. బాగున్నాడంది. అది అబద్ధం కాదు కదా అనుకుంది.

పల్లెలో నీళ్లు పడక, మనసు మారి, ఏ కారణంచేతనైనా వాడు తిరిగొస్తే ఈ పట్నంలో పాలెక్కడ దొరుకుతాయి? డబ్బాలు ఉండాలి. ఆమె లెక్క అది.

సాయంత్రం భర్త రాజలింగు వచ్చాడు. యూనివర్సిటీలో బాటనీ లాబు అటెండరు. చేతులు సబ్బుపెట్టి రెండుసార్లు కడుక్కున్నా మందునీళ్ల వాసన పోదు. అన్నం ముందు కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలా అని కాసేపు పప్పు కలిపాడు.

"మా సారు బిడ్డ కానుపుకొచ్చింది. మనుమరాలు. పాలపిండి కోసం ముషీరాబాద్, సికింద్రాబాద్ అంత తిరిగొచ్చిండు. నాలుగు డబ్బాలిస్తే రెండింతలిస్తనన్నడు. నన్ను పర్మినెంట్ చేసే కాయితం గూడ ఆయన బల్ల మీదనే ఉన్నది."

"నేనమ్మ."

"అమ్ముడేంది? సాయం అనుకో."

"రెండింతలు తీసుకుంటే సాయమెట్లయితది? పసిపిల్లల పాల మీద లాభం తినేటోళ్లను చూస్తనే నాకు అసహ్యం. ఆ పని మనింట్ల జరగదు."

రాజలింగు ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆమెనే చూశాడు. నెమ్మదస్తుడు. గట్టిగా మాట్లాడడం ఆయనకు చేతకాదు.

"నేనమ్మితే సారు మనుమరాలన్న తాగుతది. నువ్వు పెట్టెల పెట్టి ఎవలకు తాపుతున్నవే?"

భూదేవి ఆయన విస్తట్లో మజ్జిగ పోసింది, అడగకుండానే రెండోసారి పోసింది.

"ఆదివారం అన్న, వదిన వస్తున్నరు. ఊరి నుంచి కారటొచ్చింది" అన్నాడు రాజలింగు, మాట మార్చి. "పోరనికి పుట్టువెంట్రుకలు తీపిస్తరంట, గుట్ట మీద. బట్టలు కొననీకి. సోమవారం మధ్యాహ్నం బస్సుకు పోతరు."

మజ్జిగ గిన్నె భూదేవి చేతిలోనే ఆగింది.

"వాన్ని గూడ తెస్తున్నరా?"

"తేకుంట ఎవలకాడ విడిచిపెడతరు?"

సోమవారం. తల్లి పిల్లను చూపించాల్సిన సోమవారం. ఆమె గిన్నె కింద పెట్టి లోపలికి పోయి, కార్డు పెట్టిన చోటే ఉందో లేదో చూసుకుంది.

*

శుక్రవారం రాహేలు పనికి రాలేదు.

మెస్సు వెనక వరండాలో బస్తాలు దింపారు. రేషను బియ్యం. భూదేవి చాటలో పోసుకుని చెరిగింది. తవుడు పొగలా లేచి చీర మీద పడింది. చాట కొంచెం వంచి తడితే నూకలు ఒకవైపు జారాయి. ఆ తర్వాత బొటనవేలితో గింజలను పలచగా తోస్తూ నల్లరాళ్లు, మట్టిబెడ్డలు, వడ్లగింజలు ఏరింది. తెల్లరాయి కనిపించడమే కష్టం. అది బియ్యపుగింజలాగే మెరుస్తుంది. రాహేలు అయితే చూడకుండానే ఏరుతుంది. వేలికి చల్లగా తగిలితే రాయి అంటుంది.

"ఇన్ని రాళ్లు ఏరి దాచిపెడితే, ఇంకో ఆర్ట్స్ కాలేజీ కట్టొచ్చు" అన్నాడు వంటమనిషి ఇన్నయ్య, పక్కనుంచి పోతూ. మామూలుగా ఇట్లాంటి మాటకు రాహేలు ఎదురు జవాబు అంటిస్తుంది. పట్టా మీద ఆమె చోటు ఖాళీగా ఉంది.

శనివారం రాహేలు వచ్చింది. నడుము పట్టుకుని కూర్చుని చాట ముందుకు లాక్కుంది. తల వంచినప్పుడు భూదేవి చూసింది. ఆమె చెవి తమ్మెలకు గంటీలు లేవు. రంధ్రాలు పూడుకుపోకుండా రెండు వేపపుల్లలు పెట్టుకుంది.

"గంటీలేమైనయే పెద్దమ్మా?"

"ముషీరాబాద్‌ల ఉన్నయి" అంది రాహేలు. "ఒకడు డబ్బాలమ్ముతున్నడని చెప్తే పోయిన. దొంగముండాకొడుకు, మంచం కింద వరుసగ పెట్టుకున్నడు. పైసలు సాలకపోతే చెవులు చూసిండు. తీసిచ్చిన."

"వాడు బాగుపడడు" అంది భూదేవి. ఆ మాట చాలా గట్టిగా వచ్చింది.

రాహేలు చాట తట్టడం ఆపలేదు. "నేను గూడ గట్లనే తిట్టుకుంట పోయిన బిడ్డా. ఇంటికొచ్చి కలిపి తాపితే, పోరి సీసా ఇడువదు. కండ్లు మూసుకొని, గుప్పిట్లు బిగబట్టి తాగింది. ఇంక వాన్నేం తిడుత? దొంగనే, కాదంటలేను. అమ్మిండు గనుక దొరికింది. అమ్మకుంట ఏడనో దాచిపెట్టుకునేటోళ్లుంటరు చూడు, వాళ్లకాడికి గంటీలు తీస్కొని పోయినా లాభం లేదు."

భూదేవి చాటలోకి వంగింది. వేలికింద చల్లగా ఏదో తగిలింది. తీసి పారేసింది. అది బియ్యపుగింజే.

"నీ కొడుకు కడుపునిండ తాగుతడా?" అడిగింది రాహేలు.

"ఆఁ."

"తాగనీ. మగపిల్లగాండ్లకు ఆకలెక్కువ."

*

ఆదివారం పదిగంటలకు వచ్చారు. లింగమ్మ చంకలో సమ్మయ్య. నెత్తికి ఎర్రటి ఉన్నిటోపీ, కాళ్లకు నల్లదారాలు. బరువెక్కాడు. గుమ్మంలో భూదేవిని చూసి, కొత్తమనిషిని చూసినట్టు కళ్లార్పకుండా చూశాడు. ఆమె చేతులు చాపింది. వాడు లింగమ్మ మెడలో ముఖం దాచుకున్నాడు.

"కొత్త అయితే గట్లనే చేస్తడు చెల్లె" అంది లింగమ్మ, తప్పుచేసినట్టు. "జెర సేపైతే వాడే వస్తడు. పోరా, చిన్నమ్మ కాడికి పో."

చిన్నమ్మ. మాట ఎంత మామూలుగా అందో.

భూదేవి లోపలికి పోయి పెట్టె లాగింది. అన్నిటికంటే కొత్త డబ్బా తీసి, చెంచాకాడతో మూత ఎత్తింది. లోపలి రేకు చర్రున చిరిగింది. తియ్యటి వాసన ఇల్లంతా కమ్మింది. ఆ వాసనకు ఎదలో ఏదో పొంగినట్టయి, కాసేపు గోడకు ఆనుకుని నిలబడింది. నీళ్లు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, ఉండలు కట్టకుండా కలిపి గిన్నెలో తెచ్చింది.

వాడు ఒక చెంచాడు నోట్లో పెట్టుకున్నాడు. మొహం చిట్లించి, నాలుకతో బయటికి తోసేశాడు. గడ్డం మీదుగా కారింది. రెండో చెంచాను చేత్తో కొట్టాడు.

"ఊర్ల బర్రెపాలు అలవాటైనయి" అంది లింగమ్మ. "గిప్పుడైతే రొట్టెనే కావాలె ఆయనకు."

మూట విప్పి జొన్నరొట్టె ముక్క తుంచి, పప్పులో నానబెట్టి నోటి ముందు పెట్టింది. వాడు రెండు చేతులతో ఆమె వేళ్లు పట్టుకుని తిన్నాడు. నాలుగు పళ్లూ కనిపించాయి. నోరు ఖాళీ కాగానే "అమ్మ... బూ" అన్నాడు. లింగమ్మ ఉలిక్కిపడి భూదేవి వంక చూసింది, మళ్లీ రొట్టె తుంచింది.

సాయంత్రానికి సమ్మయ్య భూదేవి దగ్గరికి వచ్చాడు. ఆమె గాజులు లాగాడు, ముక్కుపుడక పట్టుకున్నాడు. ఆమె వాణ్ణి ఎత్తుకుని యూనివర్సిటీ రోడ్డు దాకా తిప్పి తీసుకొచ్చింది. లింగమ్మ అరుగు మీదే నిలబడి ఉంది. లోపలికి పోలేదు, కూర్చోలేదు.

అన్నాలు తింటున్నప్పుడు భూదేవి అంది. "అక్కా, రేపు పొద్దున వీన్ని జెరసేపు దుకాణం కాడికి తీస్కపోత. చూపిచ్చేదుంది. పాల కార్డుల వీని పేరున్నది."

లింగమ్మ చేయి పిల్లవాడి పాదం మీద ఉంది. అది కొంచెం బిగిసింది.

"ఇంక మీ కార్డులనే ఉన్నదా?"

"ఆఁ."

వెంకటనర్సయ్య దగ్గాడు. రాజలింగు తల వంచుకుని తిన్నాడు. లింగమ్మ, "తీస్కపో చెల్లె. ఎండ రాకముందే తీస్కరా" అంది. పిల్లవాడి పాదం మాత్రం వదల్లేదు.

*

సోమవారం దుకాణం ముందు లైను ఎప్పుడూ లేనంత పొడుగుంది. తల్లులూ పిల్లలూ ఏడుపులూ. వీరస్వామి బల్ల మీద కొత్త కార్డుల కట్ట, సిరాబుడ్డి, రబ్బరు ముద్ర పెట్టుకున్నాడు. భూదేవి చంకలో సమ్మయ్య. ఈసారి ఆమె చంక ఖాళీగా లేదు. ముందున్నావిడ వెనక్కి తిరిగి, "నీ లెక్కనే ఉన్నడు, నుదురు చూడు" అంది. భూదేవి ఆ మాటను నోట్లో బెల్లంముక్కలా చాలాసేపు ఉంచుకుంది. కార్డు మళ్లీ రాస్తారు. ఇంకో రెండు నెలలు ఆ పేరు ఆమె ఇంట్లో ఉంటుంది. పది రోజులకొకసారి ఎవరో ఒకరు, పిల్లవాడు ఎట్లున్నాడని అడుగుతారు.

ఆమెకు ఇద్దరి ముందు రాహేలు ఉంది. చేతుల్లో పాత తువ్వాలులో చుట్టిన మనుమరాలు. పిడికెడు మొహం.

"తల్లేది?" అడిగాడు వీరస్వామి.

"చెప్తినిగద సారూ. లేవలేదు. అమ్మమ్మను, నేనొచ్చిన."

"తల్లి రావాలె అవ్వా. కాయితం మీద గట్లనే ఉన్నది."

"పిల్లను చూడుండ్రి సారూ! పిల్ల అబద్ధమాడుతదా?"

"నేను నమ్ముత. నా పైనోడు నమ్మడు. డాక్టరు చిట్టీ తే, ఎల్లుండి చూద్దాం. జెర పక్కకు జరుగు."

రాహేలు పక్కకు జరిగింది. పోలేదు. గోడ నీడన నిలబడి, పాపను ఊపుతూ, మూసి ఉన్న అలమరను చూస్తోంది. వెనకున్న ఇద్దరి పని త్వరగా అయిపోయింది.

భూదేవి వంతు వచ్చింది. వీరస్వామి సమ్మయ్యను చూసి మొహమంతా నవ్వాడు. "వచ్చిండా మా మొనగాడు! నాలుగు నెలలాయె చూసి. మంచిగైండు! పాలు పడినయమ్మా నీ పిల్లగానికి." పాత కార్డు తీసుకుని, కలం ముంచి కొత్తకార్డు మీద రాయడం మొదలుపెట్టాడు. పిల్లవాని పేరు. పుట్టిన నెల. తండ్రి పేరు రాజలింగు. కలం కింది గీత దగ్గర ఆగింది.

"తల్లి పేరు?"

సమ్మయ్య ఆమె మెడలో నల్లపూసలు నోట్లో పెట్టుకున్నాడు. వాడి ఊపిరి వెచ్చగా తగులుతోంది. గోడ నీడన మూడు నెలల పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. ఆకలి ఏడుపు. బలం లేక మధ్యమధ్య ఆగిపోతోంది. భూదేవి రొమ్ములకు ఆ ఏడుపు తెలుసు.

"భూదేవి గదా?" కలం కాగితానికి ఆనింది.

"లింగమ్మ" అంది.

వీరస్వామి తలెత్తాడు. "ఏంది?"

"లింగమ్మ. నేను వీని చిన్నమ్మను." వాణ్ణి చంకలో పైకి జరుపుకుంది. "శ్రావణంల పెంపకానికిచ్చినం. ఊర్ల ఉంటడు. రొట్టె తింటడు. కార్డు కొట్టేయండ్రి."

వీరస్వామి కలం నుంచి ఒక సిరాచుక్క కార్డు మీద పడింది.

"మరి శ్రావణం నుంచి తీస్కపోయిన డబ్బాలు?"

"ఉన్నయి. మూతలు గూడ తియ్యలే. నిన్న ఒక్కటే తీసిన. తెచ్చి ఇక్కడ పెడత."

"వాపసు తీసుకునే పద్ధతి లేదమ్మా. రాసుకోనీకి కాయితమే లేదు నా దగ్గర." అతను లైను వంక చూసి, గొంతు తగ్గించాడు. "బయట నిలబడి అసలు ధరకు ఇచ్చుకో. నేను చూడలేదు."

వెనకనుంచి ఎవరో అన్నారు. "ఇన్ని దినాలు దాచి, గిప్పుడు ధర్మరాజు కథ చెప్తున్నది." ఇంకెవరో, "అమ్ముకునేటోడే నయం" అన్నారు. భూదేవి తిరిగి చూడలేదు. గోడ దగ్గరికి నడిచింది.

రాహేలు ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. పిల్లవాణ్ణీ చూసింది.

"గురువారం నేను ఖాళీ సంచి తీస్కొని పోయిననాడు నీ ఇంట్ల ఎన్నుండె?"

"పన్నెండు."

రాహేలు చేయి తన చెవి దగ్గరికి పోయి, వేపపుల్లను తాకి, కిందికి దిగింది.

"ఇంటికి రా పెద్దమ్మా. అన్నీ తీస్కపో."

"అన్నీ నేనేం జేసుకుంట? నా బిడ్డకు జరం తగ్గేదాక మూడు చాలు. మిగిలినయి ఈ లైన్లున్నోళ్లయి. నువ్వే మోసుకొచ్చి నీ చేత్తోనే ఇయ్యి. నేను మోస్తే నన్ను దొంగంటరు."

ఇద్దరూ చెరొక పిల్లను ఎత్తుకుని భూదేవి ఇంటికి నడిచారు. లింగమ్మ అరుగు మీద నిలబడి వీళ్ల కోసమే చూస్తోంది. భూదేవి మంచం కింద నుంచి పెట్టెను లాగి గుమ్మం దాకా తెచ్చింది. రాహేలు మూడు డబ్బాలు తీసి సంచిలో వేసుకుంది, అందులో మూత తీసినదొకటి. మిగిలినవాటితో పెట్టె బరువుగానే ఉంది. ఒంటిచేత్తో లేచేది కాదు.

భూదేవి నల్లపూసలను సమ్మయ్య గుప్పిట్లోంచి ఒక్కొక్క వేలే విప్పి విడిపించుకుంది. వాణ్ణి ఒకసారి భుజం మీదికి ఎత్తుకుని, టోపీ చెవుల మీదికి దింపి సరిచేసింది.

"అందుకో అక్కా" అంది.

లింగమ్మ చేతులు చాపింది. వాడు నవ్వుతూ అటు దూకాడు. భూదేవి వంగి రెండు చేతులా పెట్టె ఎత్తి నెత్తిన పెట్టుకుంది.